పంపా గట్టున ఈక గాలం

వ్రతం పూర్తయ్యేసరికి పదకొండు దాటింది. మా చెల్లెలి కుటుంబం భోజనానికి కొండమీదే ఆగింది. నేను ప్రసాదం పొట్లం ఒకటి విడిగా పట్టుకుని మెట్లదారిన దిగిపోయాను. ఆ పొట్లం ఒక టైలర్ గారి కోసం.

అన్నవరంలో కొండ కింద ఒక సందులో ఆయన ఇల్లు. నలభై ఏళ్లు జాకెట్లూ లాగులూ కుట్టారు. మోకాళ్లు సహకరించక మిషను తొక్కడం మానేశాక, చిన్నప్పటి నుంచీ ఉన్న గాలం సరదాని పూర్తి పనిగా పెట్టుకున్నారు. ఆయన కట్టిన కొక్కెం ఒకటి పోయినేడు తునిలో మా బంధువొకరు తెచ్చి నా అరచేతిలో పెట్టారు. పురుగనుకుని చెయ్యి లాక్కున్నాను. కోడి ఈక, నెమలి ఈక, కుట్టుదారం, అంతే. అప్పట్నుంచీ ఈ చేతుల్ని దగ్గరగా చూడాలని ఉంది.

“పేరు మాత్రం రాయకండి బాబూ. గాలాలు పట్టుకుని నాలుగూళ్ల వాళ్లూ వచ్చేస్తే ఇంట్లోవాళ్లకి ఇబ్బంది” అన్నారు మొదటే. ప్రసాదం కళ్లకద్దుకుని, కిటికీ పక్కనున్న పాత మిషను బల్ల దగ్గరికి కుర్చీ లాగారు.

బల్ల అంచుకి చిన్న వైస్ బిగించి ఉంది. పక్కన తేనెమైనం ముద్ద, సన్న కత్తెర, పట్టకారు, గోళ్లరంగు సీసా. బిస్కట్ డబ్బాల్లో ఈకలు, డబ్బాకో రంగు. “మొన్న వానకి ఉసిళ్లు లేచాయండి. రెండ్రోజులు పరిగెలు ఇంకోటి ముట్టవు. అందుకని ఇవాళ ఉసిళ్లే కడతాను” అన్నారు.

నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఈ మాటే. కట్టడం తర్వాత సంగతి. చేప ఇవాళ ఏం తింటోందో తెలియాలి ముందు.

రెండు బియ్యపు గింజలంత కొక్కెం తీసి, దాని ముల్లుని పట్టకారుతో నొక్కేశారు. ముల్లంటే మొన వెనకాల ఉండే ఎదురు చెక్కు. అది ఉంటే చేప జారిపోదు గానీ, తీసేటప్పుడు దవడ చీలుతుంది. “చిన్నదాన్ని తిరిగి వదిలేస్తాం కదండీ, దాని నోరు బాగుండాలి.” కొక్కేన్ని వైస్‌లో బిగించి, దారాన్ని మైనం మీంచి రెండుసార్లు లాగారు. మైనం పట్టిన దారం ఈకని జారనివ్వదు, నీళ్లు పీల్చదు. కొక్కెం కన్ను దగ్గర్నుంచి వంపు దాకా చుట్ట పక్కన చుట్ట, సందు లేకుండా పరిచారు. తోకకి మూడు పోగులు. ఒంటికి నెమలి ఈక పోగు ఒకటి, దారంతో కలిపి మెలిపెట్టి చుట్టారు. కిటికీ వెలుతురు పడగానే అది ఒకవైపు నుంచి ఆకుపచ్చగా, ఇంకోవైపు నుంచి రాగిలా మెరిసింది. ఆ మెరుపు అద్దకం రంగుది కాదు. పోగులోని అతి సన్నని అమరిక వెలుతుర్ని విరిస్తే పుట్టేది.

ఇక మెడ ఈక. మొదట్లో ఉండే మెత్తటి నూగు గోటితో దువ్వి తీసేశారు. ఈనె మొదలు కట్టేసి, కొసని పట్టకారుతో పట్టుకుని నిదానంగా నాలుగు చుట్లు తిప్పారు. చుట్టు చుట్టుకీ పోగులు లేచి నిలబడ్డాయి. నాలుగో చుట్టుకి కొక్కెం చుట్టూ చిన్న చక్రం తయారైంది. పుంజు మెడ ఈక బిరుసు, నున్నన. ఈ పోగుల మొనల మీదే పురుగు నీటిపైన నిలబడుతుంది. పెట్ట ఈక మెత్తన. నీళ్లు తాగి మునుగుతుంది, మునిగి కదులుతుంది. పైన తేలే ఎరకి పుంజు, లోపల ఈదే ఎరకి పెట్ట. ట్రౌట్ చేపకి ‘ఈగలు’, అంటే ఇలాంటి ఈకల ఎరలు, కట్టే ఇంగ్లండు వాళ్లు నూరేళ్లకు పైగా పాటిస్తున్న తేడా ఇదే. ఈయనకి ఎవరూ చెప్పలేదు, చెరువు చెప్పింది.

చివర కాజా కుట్టులో వేసేలాంటి ముడి వేసి, ఒక చుక్క గోళ్లరంగు అంటించారు. అయిదు నిమిషాలు పట్టిందేమో.

తర్వాత చేసిన పని నేను ఊహించలేదు. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, పురుగుని పైన వదిలి, గ్లాసుని కంటికన్నా ఎత్తుకి లేపి కిందనుంచి చూశారు. నాకూ చూపించారు. పైనుంచి చూస్తే ముచ్చటైన బొమ్మ. కిందనుంచి చూస్తే వెలుతుర్లో ఒక నీడ, చుట్టూ పోగులు నీటిని గుచ్చిన చుక్కలు. “చేప చూసేది ఇదండి. పైన మనం చూసేది మన సంతోషానికి.”

నేనూ ఒకటి కట్టబోయాను. మూడో చుట్టుకి చెయ్యి సడలగానే కట్టిందంతా విడిపోయింది. ఆయన మిషను బాబిన్‌కి చుట్టిన దారాన్ని వేలాడదీసి చూపించారు. చెయ్యి తీసినా బాబిన్ బరువు దారాన్ని బిగువుగా పట్టి ఉంచుతుంది. రెండోది నిలిచింది. వంకరగా ఉంది గానీ నిలిచింది. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

డబ్బాల మీద సుద్దతో రాసిన పేర్లు చదువుతుంటే గోదావరి జిల్లాల సంక్రాంతి కోడిపందేలు కళ్లముందుకొచ్చాయి. డేగ, కాకి, సేతు, మైల, పర్ల, పూల, పింగళ, అబ్రాసు. డేగ ఎరుపు. కాకి నలుపు. సేతు తెలుపు. మైల అంటే ఎరుపు, బూడిద కలిసింది. పర్లకి మెడమీద నలుపూ తెలుపూ సమానంగా ఉండాలి. అబ్రాసు లేత బంగారం. పుంజు మెడ రంగుల్ని ఇంత సన్నంగా విడదీసి పేర్లు పెట్టుకున్న జాతి ఇంకొకటుందా అంటే, ఉంది. ఈగలు కట్టే ఇంగ్లీషు వాళ్లు. తెలుపులో నడుమ నల్ల గీతుంటే బ్యాడ్జర్ అంటారు, ఎరుపులో నల్ల గీతుంటే ఫర్నెస్, నలుపూ తెలుపూ అడ్డచారలుంటే గ్రిజ్లీ. మనవాళ్లు బరి కోసం పెట్టారు, వాళ్లు ఏటి కోసం. కత్తి కట్టిన పందెం నాకు ఎప్పుడూ నచ్చలేదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఆ పేర్లలో ఉన్న చూపు మాత్రం పోగొట్టుకోకూడనిది. ఈయన పందేల జోలికి పోరు. పండగలకి ఇళ్లల్లో కోసిన నాటుపుంజుల మెడ తోళ్లు అడిగి తెచ్చుకుని, ఉప్పు రాసి నీడన ఆరబెడతారు. పెంటకుప్పలో పోవలసినవి.

ఈ విద్య వయసు చిన్నది కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో అస్ట్రేయస్ అనే ఏటి దగ్గర జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు తమ్మెల కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టి మచ్చల చేపల్ని పట్టేవారని రాశాడు. ఉన్ని, ఈక, దారం. ఆ పురుగుకీ ఈ బల్ల మీదున్నదానికీ పెద్ద తేడా లేదు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలం పుస్తకంలో పన్నెండు రకాల ఈగలు చెప్పారు. ట్రౌట్‌ని మన దేశానికి తెచ్చింది దొరలు. 1863లో నీలగిరులకు తెచ్చే ప్రయత్నం విఫలమైంది. కశ్మీరులో 1900లో నిలదొక్కుకుంది. నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టారు. అది చలినీటి చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. ఇక్కడి పంపా జలాశయంలో దాని మాటే లేదు. కానీ 1887లోనే హెన్రీ సల్లివన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి మన చెరువుల్లో గాలం వెయ్యడం మీదే ఒక పుస్తకం రాశాడు.

ఈకల ఆశకి చెడ్డ ముఖం కూడా ఉంది. మన బూడిద అడవికోడి మెడ ఈకల కొసలు మైనపు చుక్కల్లా గట్టిగా, పసుపు తెలుపుల్లో మెరుస్తాయి. సాల్మన్ చేపకి కట్టే ఖరీదైన ఈగలకి అవి కళ్లు. తూర్పున ఆ పక్షి విస్తరణకి సుమారుగా మన గోదావరే హద్దు. అవతల ఎర్ర అడవికోడి రాజ్యం. విదేశీ గాలాల కోసం వాటిని లెక్కలేకుండా చంపారు. 1972 వన్యప్రాణి చట్టం వాటికి రక్షణ. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో 299 పక్షి చర్మాలు దొంగతనానికి పోయాయి. అదీ ఈగలు కట్టే ఈకల కోసమే. ఆ సంగతి చెబితే టైలర్ గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సేతు డబ్బా తెరిచి, ఒక తెల్ల ఈకని పసుపు నీళ్లలో ముంచి ఆరేశారు. “రంగు కావాలంటే ఇలా రాదాండీ?”

ఎండ తగ్గాక పంపాకి వెళ్లాం. తెప్పోత్సవం జరిగే వైపు కాదు, జలాశయం మీద జనం లేని పక్క గట్టుకి. 12 వేల ఎకరాలకు పైగా పొలాలకి నీళ్లిచ్చే జలాశయం ఇది. వానలకి నిండుగా ఉంది. ఆయన కర్ర సన్నని వెదురు, చక్రం లేదు, కొసకి కర్రంత పొడవు నైలాన్ దారం. జపాన్ కొండవాగుల్లో టెంకారా అని ఇలాగే చక్రం లేకుండా ఈకల ఈగలు వేస్తారు. మణికట్టు ఒక్కసారి ఆడింది. ఉసిలి నీటిమీద వాలింది, మొన మునగలేదు. మూడు లెక్కపెట్టేలోగా చిన్న సుడి. పరిగె, నా చూపుడు వేలంత. నీళ్లలోనే వేళ్లు తడిపి కొక్కెం తప్పించి వదిలేశారు. అరగంటలో ఏడు.

తుంగ పొదల పక్కన నీళ్లు ఎర్రగా మరుగుతున్నట్టు కనిపించాయి. చేటంత మేర. దగ్గరికి పోతే కొర్రమీను పిల్లల గుంపు. వేలకొద్దీ, నారింజ రంగులో, గాలి కోసం పైకీ కిందకీ. టైలర్ గారు కర్ర పక్కన పెట్టేశారు. “తల్లీ తండ్రీ కిందే ఉంటారండి. ఈక కప్పని ఒక్కసారి వాటి మీద వేస్తే చాలు, ఎగిరి పట్టేస్తుంది. ఆకలికి కాదు, పిల్లల మీదకి ఏదో వచ్చిందని. దాన్ని తీశామా, సాయంత్రానికి పిల్లలన్నీ మిగతా చేపలకి మేతే.” బజార్లో బతికున్న కొర్రమీను ధర ఆయనకి తెలియనిది కాదు.

ఇద్దరు కుర్రాళ్లు గాలాలతో అటే వస్తున్నారు. ఒకడి చేతిలో రబ్బరు కప్ప. ఆయన ఎదురెళ్లి, దారం కొసనున్న ఉసిలిని తెంపి పెద్దవాడి అరచేతిలో పెట్టారు. “ఇక్కడొద్దురా నాయనా. తూము అవతల పరిగెలు ఎగురుతున్నాయి, ఇది కట్టుకోండి.” వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ముల్లు లేదేంటి తాతా?”

ఆయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా గట్టు మీద కూర్చుని, వాళ్లనీ పక్కన కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టారు.