పిల్లికూన స్నానము

బియ్యపు మూటలున్నచోట ఎలుకలుండును, ఎలుకలున్నచోట పిల్లులుండును. అందుచేత మా పాఠశాలలో మధ్యాహ్న భోజనపు వంటగది వెనుకనున్న పాత కట్టెల పాకలో ఏటేట ఒక పిల్లి పిల్లలను పెట్టుట మాకు క్రొత్త కాదు. గడచిన వానకాలమున ఒకనాడు తల్లిపిల్లి రోడ్డుమీద బండి క్రింద పడి చనిపోయెను. మూడు కూనలలో రెండింటిని ఎవరో తీసికొనిపోయిరి. మిగిలినదానిని ఎనిమిదవ తరగతి బాలిక యొకతె దుప్పటాలో చుట్టి మా తరగతి గదికి తెచ్చెను.

అది బూడిదరంగు కూన. ప్రయోగశాల త్రాసులో తూచగా 420 గ్రాములు తూగెను. కన్నులు తెరచియుండెను, సన్నని పండ్లు వచ్చియుండెను, నడక ఇంకను తడబడుచుండెను. ఐదు వారముల వయసుండునని ఊహించితిమి. కాని దాని వెండ్రుకలను వ్రేలితో ప్రక్కకు త్రోసి చూచినంతనే పిల్లలందరు ఒక్కుమ్మడి వెనుకకు జరిగిరి. చర్మముమీద గోధుమరంగు పురుగులు పరుగిడుచుండెను. కొన్ని గంతువేసి మా చేతిమీదికే వచ్చెను.

"పేలయ్యా!" అని ఒకడనెను. "కాదు, గోమార్లు" అని మరియొకడనెను. మా హోసూరు ప్రాంతమున మూడు భాషలు ఒకే వీధిలో వినబడును గదా! తమిళము బాగుగా తెలిసినవారు "తెళ్ళుపూచ్చి" యనిరి. కన్నడమువారి యింటి ప్రక్కనుండు బాలుడు "చిగట" యనెను. పేను వెండ్రుకను పట్టుకొని ప్రాకును. గోమారి చర్మమును కరచుకొని వ్రేలాడును. ఈ పురుగు రెక్కలు లేకయే ఎగిరి గంతువేయును. కావున ఆనాటికి దానిని "గంతుపురుగు" అని పిలుచుకొంటిమి.

వెండ్రుకల మొదట నల్లని నలుసులు కొన్ని కనబడెను. వానిని తడిపిన తెల్లకాగితముమీద రాల్చగా క్షణములో నలుసు చుట్టును ఎర్రని మరక వ్యాపించెను. అది మట్టి కాదు. పురుగులు త్రాగి విసర్జించిన కూన నెత్తురే. చిగుళ్ళు చూచితిమి. గులాబిరంగున ఉండవలసినవి పాలిపోయి యుండెను. అంతటి చిన్న దేహమున ఉండు నెత్తురు సుమారు 25 మిల్లీలీటర్లు మాత్రమే. దానిని వందల నోళ్ళు పంచుకొనినచో ఎన్నినాళ్ళు నిలుచును? పిల్లలకు ఈ లెక్క చెప్పినపుడు గదిలో ఒక్కరును నవ్వలేదు.

ఇచ్చట మా పొరపాటు చెప్పక తప్పదు. పెంపుడు జంతువుల పురుగులకని అంగడిలో అడిగి ఒక సీసా తెచ్చితిమి. తొట్టిలో నీరు పోయించితిమి. మూత తీసి మందు కలుపబోవుచుంటిమి. సీసామీది ఆంగ్లాక్షరములు మిక్కిలి సన్నవి. మా కండ్లద్దములు ఉపాధ్యాయుల గదిలో ఉండెను. క్రింద తమిళమున ఒక పంక్తి కలదు. మా చదువును, ఉపాధ్యాయ శిక్షణయును ఆంధ్రప్రదేశమున జరిగినవి. తమిళమును కూడబలుకుకొని చదువుదుమే కాని కంటితో చూచి గ్రహింపజాలము. ఆ పంక్తిని చూచియు చూడనట్లే యుంటిమి.

కూనను పట్టుకొనియున్న బాలిక తల వంచి చదివి, "అయ్యా, 'నాయ్‌గళుక్కు మట్టుం' అని ఉంది. అంటే కుక్కలకు మాత్రమే అని గదా?" అనెను.

మా చేయి ఆగెను. కండ్లద్దములు తెప్పించి చదివితిమి. అందున్న మందు పెర్మెత్రిన్. కుక్క ఓర్చుకొను ఆ మందు పిల్లికి విషము. వణకు పుట్టి, మూర్ఛలు వచ్చి, ప్రాణము పోవచ్చును. మాకు పదియేండ్ల వయసున జరిగినది ఒకటి అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను. మేము పెంచుకొనిన కూనను శుభ్రము చేయుదమని ఫినాయిలు కలిపిన నీట కడిగితిమి. తెల్లవారునప్పటికి అది లేదు. జబ్బుచేసి చనిపోయినదని పెద్దలు చెప్పిరి, మేమును నమ్మితిమి. ఫినాయిలు వంటివానిని విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువయని చాల ఏండ్లకు తెలిసికొంటిమి. ముప్పది యేండ్ల తరువాత అదే తప్పు పిల్లల యెదుట, గురుస్థానమున నిలిచి, మరల చేయబోతిమి.

సీసాను మూసి, కూనను ప్రభుత్వ పశువైద్యశాలకు తీసికొనిపోతిమి. వైద్యుడు పరీక్షించి, ఈ వయసున మెడమీద వేయు చుక్కల మందు వలదనియు, అట్టివి పెక్కు ఎనిమిది వారములు నిండినవానికే తగుననియు, ప్రస్తుతము స్నానమును, దువ్వెనయును చాలుననియు చెప్పెను. నాలుగు వారములు నిండని కూనకైనచో స్నానము కూడ చేయింపక, దువ్వి, తడిగుడ్డతో తుడిచిన చాలుననెను.

మరునాడు మధ్యాహ్నము ఎండవేళ, తలుపులు మూసి, స్నానము చేయించితిమి. కాళ్ళు జారకుండ తొట్టి అడుగున గుడ్డ పరచితిమి. రెండంగుళముల లోతున గోరువెచ్చని నీరు పోసితిమి. మోచేతితో తాకినపుడు చల్లగాను వేడిగాను తోపరాదు. చంటిపిల్లలకు వాడు షాంపూ కొన్ని చుక్కలు తప్ప వేరొకటి కలుపలేదు. మొట్టమొదట మెడచుట్టు నురుగుతో హారము వేసితిమి. ఇది ముఖ్యము; ఒడలు తడిసినంతనే పురుగులు తలమీదికి, చెవులలోనికి పరుగిడును; నురుగు వానికి అడ్డుకట్ట. పిదప వీపు, పొట్ట, తోక మెల్లగా రుద్దితిమి. ముఖముమీద నీరు పోయలేదు, తడిదూదితో తుడిచితిమి. కూన తన ఒడలు తాను నాకుకొనును గనుక సబ్బు ఏమాత్రము మిగులకుండ వేరొక పాత్రలోని వెచ్చని నీటితో కడిగితిమి. అంతయు ఐదు నిమిషములలో ముగిసెను.

తడిసిన కూన శరీరపు వేడిని త్వరగా కోల్పోవును. పురుగులకంటె చలియే ముందు చంపవచ్చును. కావున పొడి తువ్వాలలో చుట్టి, వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన పెట్టితిమి. వెండ్రుకలు ఆరిన పిదప ఆ బాలిక ఇంటినుండి తెచ్చిన ఈర్పెనతో దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీటిలో విదిలించితిమి. పిల్లలు లెక్కించిరి: మొదటినాడు 63.

ఇంతటితో పని తీరదు. ఆడపురుగు రోజునకు 40, 50 గ్రుడ్లు పెట్టగలదు. అవి పిల్లి ఒడలిమీద నిలువక నేలమీదికి, పక్కగుడ్డల మడతలలోనికి జారును. పిల్లపురుగులు నేల బీటలలో పెరిగి గూడు కట్టుకొని, వారముల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి వేచియుండగలవు. కావున గుడ్డలను వేడినీట ఉతికి ఎండవేసితిమి; పాకను, గది మూలలను ప్రతిదినము ఊడ్చితిమి. దువ్వుట ఒక్కనాడును మానలేదు. మూడవ వారమునకు దువ్వెనలో పురుగు కనబడుట అరుదయ్యెను, చిగుళ్ళు ఎర్రబడెను. ఎనిమిది వారములు నిండినపుడు వైద్యుడు బరువు తూచి, నాకుటకు అందని మెడవెనుక చోట మందుచుక్క వేసెను. గంతుపురుగును మ్రింగిన పిల్లి కడుపున బద్దెపురుగు చేరును గనుక దానికిని మందిచ్చెను.

ఇప్పుడా కూన ఆ బాలిక యింట పెరుగుచున్నది. ఇంటి పెద్దలు మొదట వలదనిరి. ఇంట ఎలుకలు తగ్గినవని ఇప్పుడు వారే చెప్పుచున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లలు తెలుగున చదువవలెనని మనము పడు ఆరాటము న్యాయమైనది. కాని వీధి భాష నేర్చిన బిడ్డ తల్లిభాషకు దూరమగునని భయపడవలదు. ఆనాడు ఆ బాలిక తమిళమున చదివి, తెలుగున మాకు చెప్పెను. ఆ రెండింటిలో ఏది లేకున్నను ఆ కూన బ్రదికెడిది కాదు.

నాటినుండి మధ్యాహ్న భోజనమైన పిదప పది నిమిషములు ఆ బాలికయొద్ద మేము తమిళము చదువుకొనుచున్నాము. తప్పు చదివినపుడు ఆమె నవ్వదు. "మళ్ళీ చదవండయ్యా" అనును. అది మా మాటయే.