షిగరాకి కొండలలో ఒక సంవత్సరము

చిత్తూరునుండి తిరుపతికి పోవు మార్గమున గాదంకి యను గ్రామము కలదు. చుట్టును కొండలు, కొండల నడుమ మామిడితోటలు, వేరుసెనగ చేలు. అచ్చట 130 మీటర్ల పొడవును, అంతే వెడల్పును గల యొక బయలున, వరుసకు 32 చొప్పున 32 వరుసలలో, 1,024 ఆంటెనాలు ఆకాశమువైపు చూచుచు నిలిచియుండును. క్రొత్తగా చూచువారు ఎవరో ఇనుపపైరు నాటిరని అనుకొందురు. అది యొక రాడారు. రాడారనగా విమానములను, ఓడలను కనిపెట్టు యంత్రమని మనమెరుగుదుము. ఈ రాడారు వెదకునది మాత్రము గాలిని. 1990వ దశకపు తొలియేండ్లలో ఇది పనిచేయ మొదలిడెను. ఇటువంటి రాడారుతో పనిచేయుట నేర్చుకొనుటకే నేను జపాను దేశమునకు పోయితిని.

అప్పుడు నేను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిని. జపాను ప్రభుత్వము విదేశ విద్యార్థులకు వేతనమిచ్చి చదివించు పద్ధతిని 1954లో ప్రారంభించెను. మా విశ్వవిద్యాలయము పుట్టినదియు ఆ సంవత్సరమే. ఆ వేతనము లభించి, 1997 ఏప్రిల్ నెలలో, ఒక సంవత్సరపు శిక్షణకై బయలుదేరితిని.

మా నాయన మెట్టసేద్యము చేయు రైతు. మాకు మూడెకరముల వేరుసెనగ చేను కలదు, బావి లేదు. వానయే ఆధారము. ప్రయాణమునాడు ఆయన నన్నొక్క ప్రశ్న అడిగెను.

“అబ్బాయీ! ఆ దేశములో నీవు నేర్చుకొను చదువుతో వాన యెప్పుడు వచ్చునో చెప్పగలవా?”

“తిరిగివచ్చి చెప్పెదను నాయనా!” అని నేను నవ్వితిని. ఆ నవ్వు తలచుకొనినప్పుడు నాకు నేటికిని సిగ్గు కలుగును.

నేను చేరిన ఊరు ఉజి. అది క్యోటో నగరమునకు దక్షిణమున, నదియొడ్డున నున్న పట్టణము. తేయాకునకు ప్రసిద్ధి కెక్కినది. జపానువారి 10 యెన్ల నాణెముపై కనబడు బ్యోదోఇన్ ఆలయము ఆ ఊరిలోనిదే. క్యోటో విశ్వవిద్యాలయమువారి రేడియో వాతావరణ పరిశోధన కేంద్రము అచ్చట నుండెను.

ఆ దేశమున నేను నేర్చిన మొదటిమాట ‘వకరిమసేన్’. ‘నాకు తెలియదు’, ‘నాకు అర్థము కాలేదు’ అను రెండర్థములును దానికి కలవు. అంగడిలో, రైలుస్టేషనులో, తపాలాకచేరిలో దినమునకు ఇరువదిమారులు ఆ మాటతోనే పని గడపుకొంటిని. పెద్దచదువు చదివి వచ్చి, పసిబిడ్డవలె ‘తెలియదు, తెలియదు’ అనుట నాకు చిన్నతనముగా తోచెడిది.

రాడారున్న చోటు ఉజిలో కాదు; షిగరాకి కొండలలో. కొండదారిన కారులో పోవలెను. షిగరాకి మట్టిపాత్రలకు పేరుపొందిన ఊరు. అంగళ్ల ముంగిట ‘తనుకి’ యను జంతువు బొమ్మలు గడ్డిటోపీలు ధరించి అతిథులను పిలుచుచున్నట్లు నిలిచియుండును. వానిని చూచినప్పుడెల్ల నాకు మా పలమనేరు కుమ్మరులు చేయు మట్టిబొమ్మలు జ్ఞప్తికి వచ్చెడివి.

అచ్చటి రాడారు 1984లో పూర్తియయ్యెను. 103 మీటర్ల వ్యాసముగల వృత్తాకారపు బయలున 475 ఆంటెనాలు నిలిపిరి. గాదంకివలెనే ఇదియు కొండల నడుమ నున్నది. ఏలనగా, చుట్టునున్న కొండలు బయటి రేడియో సందడిని కొంతవరకు అడ్డగించును. పైకి పంపిన రేడియో తరంగములలో బహు స్వల్పభాగము గాలిలోని అలజడులను తాకి తిరిగి వచ్చును. తిరిగివచ్చిన తరంగములోని మార్పునుబట్టి గాలి యెటు, ఎంత వేగముతో కదలుచున్నదో లెక్కింపవచ్చును. రైలు మనవైపు వచ్చునప్పుడు దాని కూత సన్నగాను, మనలను దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడుట మీరెరుగుదురు గదా! ఇచ్చటి సూత్రమును అదియే.

గాదంకిలోను, షిగరాకిలోను వాడిన ఆంటెనా ఒక్కజాతిదే. దానిని 1926 ప్రాంతమున యాగి, ఉద అను జపాను శాస్త్రజ్ఞులు రూపొందించిరి. దూరదర్శన్ కార్యక్రమములు చూచుటకై మన పల్లెలలో ఇండ్లకప్పులపై చేపముల్లువంటి ఆంటెనాలు కట్టెడివారు. అవియు ఆ జాతివే. ఆ సంగతి తెలిసిన నాడు నాకు ఆ కొండలు కొంత దగ్గరివిగా తోచినవి.

మే నెలలో ఒకనాడు, నాకు పని నేర్పు ఆచార్యులు నన్ను పిలిచి, “మీ ఊరిలో వానలు ఏ దిక్కునుండి వచ్చును? అప్పుడు నేలమీద గాలి యెటు వీచును?” అని అడిగిరి. నేను పుస్తకములో చదివినట్లు నైరృతి ఋతుపవనమును గూర్చి వర్ణించితిని. ఆయన ఓపికతో విని, “అది దేశమంతటికి చెప్పిన మాట. నేనడిగినది మీ ఊరి సంగతి” అనిరి.

నేను “వకరిమసేన్” అంటిని. ఈ మారు ఆ మాట భాష రానందున అన్నది కాదు.

ఆయన కోపింపలేదు. అలమారనుండి యొక వ్యాసమును తీసి నా యెదుట నుంచిరి. అది 1958లో ప్రచురితమైనది. వ్రాసినవారు తెలుగువారైన పంచేటి కోటేశ్వరముగారు; తరువాతి కాలమున భారత వాతావరణశాఖకు అధిపతియైనవారు. వర్షకాలమున దక్షిణ భారతదేశముపై, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పునుండి పడమటికి మహావేగముతో సాగు గాలిప్రవాహమును ఆయన ఆ వ్యాసమున వివరించిరి. ఆ కాలమున నేలమీద వీచునది పడమటిగాలి. నడినెత్తిన వీచునది తూర్పుగాలి! ఆ ప్రవాహము ఏటేట మా చేనిమీదుగానే సాగుచుండెను. దానిని గూర్చి ఒక తెలుగువారు వ్రాసినదానిని నేను జపానులో మొదటిసారి చదివితిని.

జపాను దేశముపై ఎత్తున వీచు గాలి ఇందుకు మారుగా పడమటినుండి తూర్పునకు సాగును. ఆ గాలిని తొలుత కొలిచినవారిలో ఓఇషి వసబురో యనునాతడు ముఖ్యుడు. ఆయన తతెనో యనుచోట చిన్న బెలూనులను వదలి, దుర్భిణివంటి సాధనముతో వానిని వెంబడించి, వేయికి మించిన పరిశీలనలు చేసెను. లోకమంతయు చదువవలెనను కోరికతో 1926లో వానిని ఎస్పెరాంటో అను భాషలో ప్రకటించెను. చదివినవారు మాత్రము అరుదు. ఐనను ఆయన వ్రాసియుంచిన లెక్కలు చెడలేదు. పిమ్మట శాస్త్రజ్ఞులు వాని విలువను గుర్తించిరి.

ఆ రాత్రియే ఇంటికి జాబు వ్రాసితిని. మా ఊరిలో అప్పటికి టెలిఫోను లేదు. మా చెల్లెలు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. నాయన చెప్పగా ఆమె వ్రాసెడిది. జూన్ నెలలో బదులు వచ్చెను. “ఆరుద్ర కార్తెలో గాలి పడమటినుండి వీచును. మబ్బులు పరుగెత్తును గాని నిలువవు. ఆ గాలి ఆగి, సాయంకాలము ఉక్కపోసి, ఈశాన్యమున మెరసిన వానకు ఆశ కలదు. స్వాతి, విశాఖ కార్తెలలో గాలి తూర్పునకు తిరుగును. చెరువులు నింపునవి ఆ వానలే.” అక్షరములు చెల్లెలివి, మాటలు నాయనవి. ఆచార్యులు అడిగిన ప్రశ్నకు ఉత్తరము నలువదియేండ్లుగా మా యింటిలోనే యుండెను. నేనే అడుగలేదు.

జూలై మూడవ వారమున మరియొక జాబు వచ్చెను.

“పునర్వసు మొదట చిన్న వాన పడినది. దుక్కిలో జేనెడు తడి కలదు. విత్తనములు అప్పుచేసి తెచ్చితిమి. సగము చేను విత్తినాము. తక్కిన సగము విత్తుమందువా, ఆగుమందువా? నీవు ఆకాశమును చదువుచున్నావు. నీవు చెప్పినట్లు చేసెదము.”

కిటికీ వెలుపల వాన పడుచునే యుండెను. ఆ కాలమున జపానులో దినములకొలది ముసురు పట్టును. తడిసిన గొడుగు ప్రక్కన పెట్టుకొని, ఎండుచున్న చేనికి నేను జాబు వ్రాయవలసి వచ్చెను. “వాన వచ్చును, విత్తుడు” అని వ్రాయుట సులభము. మా నాయన ఆ మాటను రచ్చబండకడ పదిమందికి చెప్పి సంతోషించును. వాన రాకడ, ప్రాణము పోకడ యెవరికెరుక యన్న సామెతను మా కుమారుడు మార్చినాడని గర్వించును. ఆ రాత్రి మూడుమారులు జాబు వ్రాసి మూడుమారులు చించితిని.

మరునాడు ఆచార్యులకు సంగతి చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండి, “మన రాడారు తన నెత్తిమీది గాలిని చూపును. మీ చేనిమీద రాబోవు వారములో వాన కురియునో లేదో చూపదు. తెలిసినంత వ్రాయుడు, తెలియనిదానిని తెలియదని వ్రాయుడు” అనిరి.

నేను అట్లే వ్రాసితిని. “నాయనా! వాన వచ్చునో రాదో నాకు తెలియదు. ఇచ్చటి యంత్రమునకును తెలియదు. చేనిసంగతి నాకంటె మీకే యెక్కువ తెలియును” అని ముగించితిని. ఆ జాబును డబ్బాలో వేయునప్పుడు నా చేయి వెనుకాడెను. అప్పుచేసి నన్ను తిరుపతికి చదువనంపిన తండ్రికి, అంతదూరము పోయి నేను పంపిన కానుక ఆ ఒక్క ‘తెలియదు’ అను మాట!

సెప్టెంబరులో బదులు వచ్చెను.

“నీ జాబు చేరినది. నీకు తెలియదంటివి గనుక తక్కిన విత్తనములను ఆపితిని. మొదట విత్తినవి మొలచి, వానలేక వాడిపోయినవి. ఆశ్లేష కార్తెలో మంచి వాన కురిసినది. దాచినవానిని అప్పుడు విత్తినాము. పైరు బాగుగా నున్నది. నీవు విత్తుమనియుండిన, నీ మాటమీది నమ్మకముతో అన్నియు విత్తియుందును, అన్నియు పోయియుండును.”

దాని క్రింద చెల్లెలు తనమాటగా ఒక పంక్తి చేర్చెను. “అన్నా! నాయన నీ జాబును ఊరిలో ఎవ్వరికిని చూపలేదు. కాని దేవుని పటము వెనుక దాచినాడు.”

అటుపిమ్మట నేను చెల్లెలికి ఒక పని అప్పగించితిని. ప్రతిదినము ఉదయమున, సాయంకాలమున చిటికెడు దుమ్ము ఎగురవేసి, గాలి యేదిక్కునుండి వీచుచున్నదో నోటుపుస్తకములో వ్రాయవలెను. ఆమె నెలకొకసారి ఆ పుటలకు నకలు వ్రాసి పంపెడిది. ఒకనెలలో మూడుదినముల యెదుట “జ్వరము. చూడలేదు” అని యుండెను. ఆచార్యులు ఆ కాగితమును చూచి, మిగిలిన పంక్తులకంటె ఆ పంక్తినే యెక్కువ మెచ్చుకొనిరి. “చూడని దినమును చూడలేదని వ్రాసినది గనుక, చూచితినని వ్రాసిన దినములను మనము నమ్మవచ్చును” అనిరి.

శీతకాలమున షిగరాకి కొండలపై మంచు కురిసెను. రాత్రివేళ ఆంటెనాలు తెల్లని కొమ్మలవలె కనబడెడివి. ఆ చలిలో పనిచేయుచు, యంత్రము పలికినదానిని పలికినట్లు, పలుకనిదానిని పలుకలేదని పుస్తకమున వ్రాయుట నేను అభ్యసించితిని. 1998 మార్చి నెలలో శిక్షణ ముగించుకొని ఇల్లు చేరితిని.

ఆ వర్షకాలమున, అనుమతి పొంది, మా నాయనను గాదంకికి తీసికొనిపోయితిని. ఆయన ఆంటెనాల వరుసల ప్రక్కన మెల్లగా నడచి, “ఇది వాన తెచ్చునా?” అని అడిగెను.

“తేదు నాయనా!”

“వచ్చునని చెప్పునా?”

“ఇది యొక్కటియే చెప్పలేదు. ఇటువంటి సాధనములు అనేకము తెలిపిన సంగతులను కూర్చి చూచినచో, కొన్ని దినముల ముందు కొంతవరకు చెప్పవచ్చును. అదియు తప్పవచ్చును.”

ఆయన వంగి, చిటికెడు దుమ్ము తీసి విడిచెను. అది తూర్పుదిక్కునకు ఎగిరిపోయెను. “ఇచ్చట పడమటిగాలి. పైన?” అని అడిగెను.

లోపలికి పోయి యంత్రపు లెక్కలు చూచితిని. 16 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో, తూర్పునుండి గాలి వీచుచుండెను. వచ్చి ఆ సంగతి చెప్పితిని. మా నాయన తల యెత్తి చాలసేపు ఆకాశమును చూచి, “ఇన్నియేండ్లును నేను సగము గాలినే చూచితిని గదా!” అనెను.

జపాను పోవువరకు నేను ఆ సగమునైనను చూడలేదని ఆయనతో అనలేకపోయితిని.

గాదంకిలోని ఆ పరిశోధనశాలకు 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల యను పేరు వచ్చెను. 2022లో జిల్లాలను విభజించినపుడు గాదంకి తిరుపతి జిల్లాలో చేరెను. షిగరాకి రాడారు విద్యుత్ శాస్త్ర చరిత్రలో మైలురాయియని 2015లో అంతర్జాతీయ గౌరవము పొందెను. దేవుని పటము వెనుక దాచిన ఆ జాబు మాత్రము మా యింట అచ్చటనే కలదు.

మా ఊరి రైతులు వాన సంగతి నన్ను ఇప్పటికిని అడుగుదురు. తెలిసినంత చెప్పుదును. తెలియనిచోట, షిగరాకి కొండలలో నేర్చిన ఆ మొదటిమాటను తెలుగులో చెప్పుదును.