ఎలుగు

పోయిన అక్టోబరులో తమ్ముడి దగ్గరికి బ్రిస్బేన్ వెళ్లాను. పదకొండేళ్ల తర్వాత ఇద్దరం ఒకే కప్పు కింద పడుకున్నాం. మూడో రాత్రి రెండు దాటింది, ఫజర్‌కు ఇంకా టైం ఉంది. ఇంటి వెనక యూకలిప్టస్ చెట్ల వైపు నుంచి ఒక ఆవాజ్. మొదట గాలి లోపలికి లాక్కునే గుర్రు, వెంటనే కడుపులోంచి తన్నుకొచ్చే డకార్. మళ్లీ గుర్రు, మళ్లీ డకార్. దిల్ ధడక్‌మంది. అచ్చం అబ్బా పడుకున్నట్టే! అబ్బా ఇంతెఖాల్ అయి నాలుగేళ్లు దాటింది.

హాల్లోకి వస్తే తమ్ముడు అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"డరో నక్కో భాయ్‌జాన్. కోఆలా. మగది. వీటి జోడీ మౌసమ్ ఇది, రోజూ ఇదే గోల."

మర్నాడు లోన్ పైన్ కోఆలా సాంక్చువరీకి తీసుకెళ్లాడు. 1927లో మొదలైందట. తమ్ముడి కొడుకు కోఆలాను ఎత్తుకుని ఫొటో దిగాలని జిద్ చేశాడు గానీ, 2024లోనే ఆ ఎత్తుకోవడాలు ఆపేశారు. మంచిదే అయింది, తీరిగ్గా చూశాను.

మగదాన్ని గుర్తుపట్టడం ఆసాన్. ఆడదాని ఛాతీ తెల్లగా సాఫ్‌గా ఉంటుంది. మగదాని ఛాతీ మధ్యలో తెల్ల కుర్తా మీద చాయ్ ఒలికినట్టు గోధుమరంగు మరక. అది మరక కాదు, గ్రంథి. జిడ్డుగా ఘాటైన వాసన ఊరుతుంది. చెట్టును కావలించుకుని ఛాతీని మొదలుకు రుద్దుతుంది, 'ఇది నా ఇలాఖా' అన్నట్టు. మొహం వెడల్పు, ముక్కు పెద్దది. ఆడదానికి ఒకటిన్నర రెట్ల దాకా ఉండొచ్చు. అయినా ఎంతని? క్వీన్స్‌లాండ్‌లో ఏడెనిమిది కిలోలు తూగితే గొప్ప. దక్షిణాన విక్టోరియాలోవి పన్నెండు దాకా తూగుతాయి. తినేది యూకలిప్టస్ ఆకు; అందులో బలం తక్కువ, జహర్ ఎక్కువ. అది అరగాలంటే రోజులో ఇరవై గంటలు పడకే. పిల్లను ఆర్నెల్లు సంచిలో, ఆ తర్వాత నెలల తరబడి వీపు మీద మోసేది తల్లే. బాప్‌కు ఏ జిమ్మేదారీ లేదు.

"మగాళ్లంతా ఇంతేనా భాయ్‌సాబ్?" అంది తమ్ముడి భార్య నవ్వుతూ. నేను చెట్టు వైపు చూశాను.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ గొంతు. ఆ శరీరానికి ఉండాల్సిన దానికంటే ఇరవై రెట్లు కింది స్థాయి స్వరం అది, ఏనుగంత జంతువుకు ఉండాల్సింది. 2013లో సైంటిస్టులు దాని రాజ్ పట్టుకున్నారు. మామూలు స్వరపేటిక కాకుండా, దానికి పైన, ముక్కు దారీ నోటి దారీ కలిసే చోట, ఇంకో జత పొడవాటి మందపాటి మడతలు ఉన్నాయి. నేల మీద బతికే మరే జంతువులోనూ అప్పటిదాకా అలాంటివి చూడలేదు.

డిగ్రీలో తెలుగు తీసుకున్న రోజుల్లో నేర్చుకున్న మాట ఒకటి గుర్తొచ్చింది. ఎలుగు అంటే గొంతు. ఉర్దూ స్కూల్లో నాకు రీఛ్ మాత్రమే తెలుసు, ఎలుగుబంటిలో గొంతు దాగుందని తెలీదు. కోఆలాను అందరూ ఎలుగుబంటి అంటారు. కాదు, సంచి జంతువు అది, వాంబాట్‌కు రిష్తేదార్. కానీ ఎలుగు మాత్రం ఉంది.

ఇంకో సంగతి. మనకు ఏనుగులా వినిపించే ఆ గొంతు, కోఆలాల మధ్య అబద్ధం ఆడదు. అరుపులోనే అరిచినవాడి సైజు ఉంటుంది. అది విని చిన్న మగవి తప్పుకుంటాయి, ఆడది ఎంచుకుంటుంది.

అబ్బా కట్టెల అడితిలో మున్షీ. ఐదడుగుల రెండంగుళాల మనిషి. ఆవాజ్ మొహల్లా చివరిదాకా. నేను తెలుగు చదువుతానంటే ఇల్లు అదిరింది, నెల తర్వాత తనే ఫీజు కట్టాడు. తమ్ముడు ఆస్ట్రేలియా పోతానన్నప్పుడు మాత్రం గుస్సా దిగలేదు. "జా! మేరే జనాజే కో భీ నక్కో ఆ!" అన్నాడు. వాడు పోయాడు. అబ్బా సలాంలు అమ్మీ ఫోన్లోనే వెళ్లేవి, వచ్చేవి. 2021 మేలో అబ్బా పోయినప్పుడు సరిహద్దులు మూసి ఉన్నాయి. జనాజాను వాడు ఫోన్లో చూశాడు.

అబ్బా అరిచినప్పుడల్లా అమ్మీ మా వెనక నిలబడి "ఆవాజ్ ఇత్తా, ఆద్మీ ఇత్తా" అని చేతులు చాపి, తర్వాత రెండు వేళ్లు దగ్గర పెట్టి చూపించేది. మేం నవ్వు ఆపుకునేవాళ్లం. ఆ సైజు ఆమెకు ఎప్పుడూ వినిపించేదేమో.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన కోఆలా బొమ్మ ఉన్న పసుపు బోర్డులు. రెండు మూడేళ్ల మగపిల్లలు తల్లి ఉన్న అడవి వదిలి కొత్త జాగా వెతుక్కుంటూ నేల మీద నడుస్తాయి. కార్ల కింద, కుక్కల నోట చాలా పోతాయి. అడవులేమో ఇళ్లవుతున్నాయి. 2022లో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల్లో కోఆలాను అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చారు. "మా కాలనీ కూడా ఒకప్పుడు అడవే" అన్నాడు తమ్ముడు, స్పీడ్ తగ్గిస్తూ.

ఆ రాత్రి మళ్లీ మొదలైంది. వాడు కిటికీ తెరిచి ఫోన్లో రికార్డ్ చేశాడు, ఏమీ రాయకుండా అమ్మీకి పంపాడు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. కాసేపటికి చిన్న వాయిస్ మెసేజ్ వచ్చింది.

"కర్వట్ లేకే సోవో బోల్ ఉసే."

రోజూ రాత్రి అబ్బాతో అనే మాట. తమ్ముడు దాన్ని ఇంకోసారి పెట్టుకుని విన్నాడు. బయట అది అరుస్తూనే ఉంది.