చీర చూసినట్టే... సోఫా చూడండి!

అమీర్‌పేట అనగానే చాలామందికి కంప్యూటర్ కోర్సుల బోర్డులే గుర్తొస్తాయి. మైత్రీవనం దగ్గర తలెత్తితే బోర్డులు, చెయ్యి చాపితే కరపత్రాలు! అక్కడ కోర్సు నేర్చుకున్న కుర్రాళ్లే ఉద్యోగం, పెళ్లి, ఫ్లాటు... అన్నీ అమరాక మళ్లీ ఇదే దారి పడతారు. ఈసారి కావలసింది నోట్సు కాదు, కొత్త ఇంటి కొలతలు రాసుకున్న కాగితం.

మెట్రో వచ్చాక ఈ షాపింగ్ సులువైంది. ఎరుపు, నీలం లైన్లు కలిసేది అమీర్‌పేటలోనే. అక్కడి నుంచి ఎల్బీనగర్ వైపు ఒక్క స్టేషన్ దాటితే పంజాగుట్ట. 2018 సెప్టెంబరు నుంచి ఈ దారిలో రైళ్లు నడుస్తున్నాయి. ఓపికుంటే నడిచీ వెళ్లొచ్చు. దారి పొడవునా చీరలు, నగల దుకాణాల మధ్య దీపాలు, సోఫాలు, అద్దాలు రారమ్మని పిలుస్తుంటాయి.

నవాబుల హంగు... ఫ్లాట్లోకి

పంజాగుట్ట తర్వాతి స్టేషన్ ఇర్రం మంజిల్. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన భవనం పేరే దానికి పెట్టారు. అందులో ఒకప్పుడు ఫ్రెంచి రాజుల కాలంనాటి శైలి ఫర్నిచర్ ఉండేదని చెబుతారు. పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లోనైతే 19 భారీ షాండ్లియర్లు! అవన్నీ ఎత్తయిన కప్పులకు చెల్లాయి. పదడుగుల ఎత్తు కూడా లేని హాల్లో వేలాడదీస్తే తలకు తగులుతాయి. అందుకే ఇప్పుడు సన్నటి రింగు దీపాలు, ఫాల్స్ సీలింగులో దాక్కునే పట్టీ దీపాలు రాజ్యమేలుతున్నాయి. భోజనాల బల్ల మీద వేలాడే దీపమైతే బల్లకు రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తులో ఉంటే చాలు. ఎదుటివాళ్ల ముఖం కనిపిస్తుంది, కళ్లలో వెలుతురు పడదు.

ఖర్చు లెక్కా చూసుకోవాలి. పాతకాలపు 60 వాట్ల బల్బులు పది, రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 90 యూనిట్లు. అవే 9 వాట్ల ఎల్‌ఈడీలైతే పదమూడున్నర యూనిట్లే. కొనేటప్పుడు పెట్టె మీద కెల్విన్ అంకె చూడండి. 2700-3000 ఉంటే పసుపు ఛాయ, పడగ్గదికి హాయి. 6500 అంటే తెల్లటి వెలుగు.

లిఫ్టులో పడుతుందా?

ఏడడుగుల సోఫా షోరూములో చిన్నగానే కనిపిస్తుంది. చుట్టూ అంత జాగా ఉంటుంది మరి! ఇంటికి చేరాకే లిఫ్టులో పట్టదని, మెట్ల మలుపు తిరగదని తెలిసేది. అందుకే హాలుతో పాటు లిఫ్టు, గుమ్మం కొలతలూ రాసుకెళ్లాలి. 2018 ఆగస్టులో హైటెక్‌సిటీ దగ్గర దేశంలోనే తొలి దుకాణం తెరిచిన ఐకియా లాంటి చోట్ల చాలా సామాన్లు విడిభాగాలుగా పెట్టెల్లో వస్తాయి కాబట్టి ఈ బాధ తక్కువ. ప్లైవుడ్‌తో చేయించుకుంటే ముద్ర చూడాలి. ఐఎస్ 303 మామూలు వాడకానికి. నీళ్లు తగిలే వంటింటికైతే ఐఎస్ 710 అడగండి.

సగం అద్దం చాలు

నిలువెల్లా చూసుకోవాలంటే నిలువెత్తు అద్దమే కావాలనుకుంటారు. నిజానికి మన ఎత్తులో సగం ఉంటే చాలు. అయిదున్నర అడుగుల మనిషికి రెండు ముప్పావు అడుగుల అద్దం, కింది అంచు కంటి ఎత్తులో సగం దగ్గర ఉండేలా గోడకు బిగిస్తే తల నుంచి పాదం దాకా కనిపిస్తుంది. వెనక్కి జరిగినా అంతే! ఇంట్లో పొట్టీ పొడుగూ ఉంటారు కాబట్టి కాస్త పెద్దది తీసుకుంటే సరి. చుట్టూ ఎల్‌ఈడీ వెలిగే అద్దాలు ఇప్పుడు కొత్త ఫ్యాషన్. ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. కిటికీకి ఎదురుగా పెడితే ఇంట్లోకి వెలుతురు పెరుగుతుంది. చెప్పుల స్టాండుకు ఎదురుగా పెడితే చెప్పులు రెట్టింపవుతాయి!

అమ్మమ్మల సూత్రం

చీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు దుకాణం లైట్లను నమ్మరు. గుమ్మం దాకా తెచ్చి, ఎండ వెలుగులో రంగు చూసి గానీ డబ్బులివ్వరు. సోఫా గుడ్డకూ అదే పరీక్ష పెట్టాలి. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, ఇంట్లో పగలోసారి, రాత్రి దీపం కింద మరోసారి చూడాలి. చీర నచ్చకపోతే బీరువాలో దాచేయొచ్చు. ఇంటి రుణం వాయిదాలు కడుతూ కొన్న సోఫా అలా కాదే... నచ్చినా నచ్చకపోయినా ఏళ్ల తరబడి దాని మీదే కూర్చోవాలి!