గోడమీది గోపురం

మొన్న నాన్నగారి పాత ఫిల్ము కెమేరా భుజాన వేసుకుని, బళ్ళారి నుంచి హంపికి వెళ్ళాము. ఒకప్పటి మన జిల్లా ఊరే. 2021లో విజయనగర జిల్లాలో చేరింది. 1856లో గ్రీన్‌లా దొర కాగితపు నెగెటివులపై పట్టిన శిథిలాలివే. హేమకూటం ఎక్కాము. తుంగభద్ర ఒడ్డున విఠలాలయం దాకా నడిచాము. రాతిరథాన్ని నాలుగు వైపుల నుంచీ తీశాము.

నాన్నగారు అడిగినది ఒక్కటే బొమ్మ: విరూపాక్షాలయంలో గోడమీద తలక్రిందులుగా పడే గోపురం నీడ. చూపు పోయేలోగా మళ్ళీ చూడాలట.

తీరా అక్కడికి చేరేసరికి ఫిల్ము అయిపోయింది! ముప్పై ఆరూ రాళ్ళకే ఖర్చుచేశాము. చీకటిగదిలో చిన్న కంతగుండా వచ్చిన వెలుగు శిఖరాన్ని క్రిందికీ, మొదలును పైకీ మార్చి చూపుతున్నది. చాలాసేపు నిలబడిపోయాము.

ఇంటికి వచ్చి తలవంచుకుని చెప్పాము. నాన్నగారు నవ్వారు. "ఆ గదే కెమేరా కదర్రా! చూసినది చెప్పండి," అన్నారు.

చెప్పాము. కళ్ళు మూసుకుని విన్నారు.