నిష్ప్రయోజనమైన బురుజు



బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలో ప్రయోజనవత్త్వాధికరణమని ఒక చిన్న అధికరణం ఉన్నది. రెండే సూత్రాలు. పూర్వపక్షి ప్రశ్న సూటియైనది. ఎంతటి మందబుద్ధియైనా ప్రయోజనం లేనిదే పనికి పూనుకోడు గదా. పరమాత్మ ఆప్తకాముడు, ఆయన పొందవలసినది ఏదీ లేదు. అట్లయితే ఈ సృష్టి దేనికొరకు? సిద్ధాంతి సమాధానం: లీల. శంకర భగవత్పాదులు భాష్యంలో రెండు దృష్టాంతాలు చూపినారు. కోరికలన్నీ తీరిన రాజు విహారక్రీడలలో ప్రవర్తించడం మొదటిది. ఏ ఫలాన్నీ ఉద్దేశింపక స్వభావం చేతనే ఉచ్ఛ్వాస నిశ్వాసాలు సాగడం రెండవది.

గురుసన్నిధిలో ఈ పాఠం విని 30 సంవత్సరాలు దాటినది. తెలిసినదనే అనుకొన్నాను. గత జ్యేష్ఠమాసంలో ఇంగ్లండు దేశంలో ఒక కొండ ఎక్కుతుండగా, నాకు తెలిసినది పదార్థమే గాని తాత్పర్యం కాదని బోధపడినది.

మా కుమారుడు బర్మింగ్‌హామ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ నా ధర్మపత్నీ తొలిసారి అక్కడికి వెళ్ళినాము. సముద్రయాన విషయమైన ధర్మశాస్త్ర విచారం వేరొకమారు చేసుకొందాము. నేను వెళ్ళినది దేశాటన కొరకు కాదని మాత్రం ఇక్కడ నివేదించుకోవాలి. మనుమడికి ఎనిమిదవ ఏడు నడుస్తున్నది. ఉపనయనం చేసి, వాణ్ణి మాతో పంపితే వేదపాఠశాలలో చేరుస్తానని అడగడం నా సంకల్పం. మా ఇంట అవిచ్ఛిన్నంగా వచ్చిన అధ్యయనం నాతో ఆగిపోతున్నదనే దుఃఖం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది.

ఒక ఆదివారం అందరమూ బ్రాడ్‌వే అనే గ్రామానికి పోయినాము. తేనెరంగు సున్నపురాతి ఇళ్ళు, వాటి ముందు పూలతీగలు. ఊరి చివర నుండి కొండపైకి కాలిబాట ఉన్నది. అది గొర్రెలు మేసే పచ్చికబయళ్ళ మధ్యగా పోతుంది. ఆ భూములకు యజమానులున్నా, బాటసారికి నడిచే హక్కు అక్కడి శాసనంలోనే ఉన్నదట. ప్రతి కంచెకూ ఒక చిన్న తలుపు. దాటినవారు దానిని మరల మూసి పోవాలి. ఆ మర్యాద నాకు నచ్చినది.

సగం దూరం వెళ్ళేసరికి నా ధర్మపత్నికి మోకాళ్ళు సహకరించలేదు. కోడలు ఆమెకు తోడుగా పులిహోర డబ్బాతో ఒక బల్లపై కూర్చున్నది. కుమారుడు, మనుమడు, నేను ముందుకు సాగినాము.

కొండ ఎత్తు 312 మీటర్లు. దాని శిఖరాన మూడు గుండ్రని బురుజులతో కోటవంటి కట్టడం, సుమారు 20 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది. అది కోట కాదు, దేవాలయం కాదు, నివాసమూ కాదు. 1798 ప్రాంతంలో కావెంట్రీ ప్రభువు భార్య దానిని కట్టించినది. ఈ కొండపై దీపం వెలిగిస్తే అనేక మైళ్ళ దూరాన ఉన్న తన ఇంటికి కనబడుతుందా అని ఆమెకు కుతూహలం కలిగినదని చెప్పుకొంటారు. జేమ్స్ వయట్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసినాడు. ఇటువంటి కట్టడాలను అక్కడివారు ‘ఫాలీ’ అంటారు. ఆ మాటకు అవివేకమనే అర్థం కూడా ఉన్నది. తరువాతి కాలంలో సర్ థామస్ ఫిలిప్స్ అనే గొప్ప వ్రాతప్రతుల, గ్రంథ సంగ్రాహకుడు తన ముద్రణ యంత్రాన్ని ఇందులో ఉంచినాడు. ప్రాచీన కట్టడాల రక్షణకై 1877లో సంఘం స్థాపించిన విలియం మోరిస్ ఇక్కడ బస చేసేవాడు.

ఇవన్నీ కుమారుడు చెబుతుండగా మనుమడు అడిగినాడు: “అయితే ఇది దేనికి కట్టారు?”

“దేనికీ కాదు. పైకెక్కి చూడడానికి,” అన్నాడు వాడి తండ్రి. “అన్నిటికీ ఉపయోగం ఉండాలా ఏమిటి?”

ఆ మాటతో నేను దారిలోనే నిలబడిపోయినాను. ఆయాసం చేత ఆగినానని వారు తలచినారు.

పూర్వం ఇదే ప్రశ్న ఈ కుమారుడే నన్ను అడిగినాడు. అప్పుడు వాడికి 12 ఏళ్ళు. పాఠశాల నుండి సెలవులకు వచ్చి, “నాన్నగారూ, ఈ చదువు వల్ల ప్రయోజనం ఏమిటి?” అన్నాడు. నేను నొచ్చుకొని ప్రయోజనాలు ఏకరువు పెట్టినాను. ఆలయంలో వృత్తి ఉంటుంది, పరీక్షలు నెగ్గితే పట్టాలు వస్తాయి, సభలలో సంభావన దొరుకుతుంది అన్నాను. వాడు శ్రద్ధగా విన్నాడు. రెండేళ్ళకు పాఠశాల విడిచి వేరు చదువులో చేరినాడు. వాడు ధర్మం తప్పినాడని ఇన్నాళ్ళూ మనసులో నిందించినాను. నిజానికి వేదాన్ని తక్కెడలో పెట్టినది నేను. వాడు ముల్లు ఎటు మొగ్గినదో చూసి అటు పోయినాడు.

కారణాపేక్ష లేకుండా షడంగ సహితంగా వేదాధ్యయనం చేయాలని మహాభాష్యారంభంలో చదివినవాణ్ణే. ఆనాడు ఆ మాట నా నోట రాలేదు. ఈనాడు మనుమణ్ణి అడగవచ్చినదీ ప్రయోజనం కోసమే. మా వంశం, మా శాఖ, నా తరువాత నా పేరు. ఫలాకాంక్షకు సంప్రదాయమనే పట్టుబట్ట కట్టినాను.

ఇరుకైన మెట్లెక్కి బురుజు పైభాగానికి చేరినాము. గాలి ఉత్తరీయాన్ని నిలువనీయలేదు. క్రింద గళ్ళుగళ్ళుగా పొలాలు, పడమట మాల్వెర్న్ కొండలు, వాటికి ఆవల మబ్బులలో కలిసిపోతూ వేల్స్ పర్వతాలు. ఆయాసం క్రమంగా శమించినది. శ్వాస తనంత తాను నడుస్తున్నది. భగవత్పాదుల రెండవ దృష్టాంతం అక్కడ నాకు అనుభవానికి వచ్చినది. రాజు క్రీడలోనైనా సూక్ష్మమైన ప్రయోజనం ఊహింపవచ్చును, ఆ ప్రభుపత్నికీ కొంత కీర్తికాంక్ష ఉండి ఉండవచ్చును. ఊపిరిని మాత్రం ఎవరూ ఫలం లెక్కించి తీయరు.

మనుమడు దిక్కులు అడిగితే దిక్పాలకులను చెప్పినాను. తూర్పున ఇంద్రుడు, ఆగ్నేయాన అగ్ని, దక్షిణాన యముడు, నైరుతిలో నిరృతి, పడమట వరుణుడు, వాయవ్యాన వాయువు, ఉత్తరాన కుబేరుడు, ఈశాన్యాన ఈశానుడు. వాడు గాలిలో కేకలు వేస్తూ, చుట్టూ పరుగెత్తుతూ వల్లించినాడు.

అప్పుడు కుమారునితో అన్నాను: “నీవు చిన్నప్పుడు అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం తప్పు.” ఏ ప్రశ్న అని వాడు అడగలేదు. కొంతసేపు పడమటి కొండలవైపు చూసినాడు. తరువాత, “మెట్లు జాగ్రత్త నాన్నగారూ,” అని నా చేయి పట్టుకొని దింపినాడు.

బల్ల దగ్గర నా ధర్మపత్ని, “అంత ఎక్కి ఏమి తెచ్చుకొన్నారు?” అన్నది. ఏమీ లేదన్నాను. అది సత్యమే.

మనుమణ్ణి పంపమని నేను అడగలేదు. ఆ కోరిక నశించినదని చెబితే అసత్యదోషం వస్తుంది. అది ఇంకా ఉన్నది. ఉపనయనం విషయం తల్లిదండ్రులు ఆలోచిస్తారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో వాడు దిక్పాలకులను అప్పజెబుతాడు. నిరృతి దగ్గర తడబడతాడు, సరిదిద్దుతాను. ఇది దేనికని వాడు అడగలేదు. అడిగితే ఈసారి ప్రయోజనాల పట్టిక చెప్పను.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.