దండం పెట్టే పురుగు, దాని లెక్కల పుస్తకం

జియోకేషింగ్ అనే ఆట గురించి మన మిత్రుల్లో ఎంతమంది విన్నారో నాకు తెలియదు. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మరొకరు జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకుని, అందులో ఉన్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. ఆట అంతే. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేసింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరిగన్ రాష్ట్రంలో మొదటి డబ్బా దాచాడు. ముప్ఫయ్యేళ్ళు రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి కనుక, సైన్యం కోసం పుట్టిన వస్తువు ఇలా ఆటవస్తువు కావడం నాకు ముచ్చటేసింది.

ఈ డబ్బాల మధ్య తిరిగే బాటసారులు కూడా ఉన్నాయి. సైనికులు మెడలో వేసుకునే బిళ్ళ లాంటిదానికి ఒక బొమ్మ కట్టి వదులుతారు. దాని పేరు ట్రావెల్ బగ్. బిళ్ళ మీద నంబరు ఉంటుంది. డబ్బాలోంచి తీసుకున్నవారు ఆ నంబరు వేసి నమోదు చేసి, ఇంకో డబ్బాకు చేరుస్తారు. మా మేనల్లుడు టెక్సాస్ నుంచి సెలవులకు వస్తూ అలాంటిదొకటి నోయిడాలో మా ఇంటికి తెచ్చాడు. బిళ్ళకు కట్టింది గొల్లభామ బొమ్మ. మిడతను కూడా కొందరు గొల్లభామ అంటారు గానీ, నేను చెప్పేది ముందుకాళ్ళు జోడించి దండం పెట్టినట్టు నిలబడే పురుగు సంగతి.

ఆ దండం చూసే మనుషులు మోసపోయారు. ఇంగ్లీషువాళ్ళు దానికి ప్రార్థించే మాంటిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో మాంటిస్ అంటే భవిష్యత్తు చెప్పేవాడు. లిన్నేయస్ కూడా 1758లో ఒక జాతికి భక్తి ధ్వనించే 'రెలిజియోసా' అన్న మాటే తగిలించాడు. నిజానికి ఆ కాళ్ళ నిండా ముళ్ళు. ఈగ అందుబాటులోకి రాగానే ఆ దండం కత్తెరలా మూసుకుంటుంది. ఈ జాతుల్లో చాలావాటికి చెవి ఒక్కటే, అదీ ఛాతీ అడుగున మధ్యలో. అది వినేది గబ్బిలాల కూతల్ని. పాపం, పురుగు తప్పేమీ లేదు, దాని ఆకలి దానిది. భంగిమ చూసి భక్తి అంటగట్టింది మనం.

చిన్నప్పుడు మన ఊళ్ళకు పోస్టుకార్డులు వచ్చేవి, గుర్తుందా? ఫలానా దేవుడి మహిమ రాసి, "ఇది చదివినవారు పదకొండు మందికి రాసి పంపాలి, పంపితే ధనలాభం, చింపితే వంశనాశనం" అనేవారు. ఇప్పుడవే వాట్సాప్‌లో వస్తున్నాయి. అదీ చేతులు మారుతూ తిరిగేదే, గొల్లభామ బిళ్ళా తిరిగేదే. తేడా ఏమిటి? కార్డు మొదలుపెట్టినవాడెవడో తెలియదు, దాన్ని నడిపించేది భయం. బిళ్ళకు మాత్రం లెక్క ఉంది. యాజమాన్యం ఒకరిది, స్వాధీనం ఇంకొకరిది. మా స్టోర్స్ డిపోల్లో బిన్ కార్డులాగా ప్రతి కదలికకూ తేదీ, చోటు ఉంటాయి. ఎవరో తీసుకుని నమోదు చేయకపోతే 'ఆచూకీ తెలియదు' అని రాసి ఊరుకుంటారు. శాపం లేదు. ఇలాంటి బిళ్ళ ఒకటి 2013లో వ్యోమగామి రిక్ మస్త్రాకియోతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళింది. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్ మీద కూడా అటువంటి సంకేతం ఒకటి చెక్కి ఉంది.

అయితే ఢిల్లీలో డబ్బా దాచడం తేలికైన సంగతి కాదు. 1985 మేలో ట్రాన్సిస్టర్ రేడియోల్లో బాంబులు పెట్టి బస్సుల్లో వదిలారు. 2005 దీపావళి ముందు సరోజినీ నగర్, 2008లో కరోల్ బాగ్, 2025 నవంబరులో ఎర్రకోట దగ్గర. దిక్కులేని వస్తువును తాకవద్దని ఈ నగరానికి ఏళ్ళ తరబడి నేర్పారు. అది మూఢనమ్మకం కాదు, అనుభవం మీద నిలిచిన జాగ్రత్త. ఇంగ్లండ్‌లోని వెదర్‌బీలో 2011లో జియోకేషింగ్ డబ్బాను బాంబనుకుని సైన్యం పేల్చేసింది. వాళ్ళనూ తప్పుపట్టలేం. ఒక భయానికి కారణం అడిగితే తేదీ, స్థలం, సాక్ష్యం చూపిస్తారు, ఇంకో భయానికి కారణం అడిగితే కళ్ళెర్రజేస్తారు. హేతువాది విడదీసి చూడవలసింది ఈ రెంటినే.

మేము మా గొల్లభామను చేర్చిన డబ్బా జనం మెసలని ఒక పార్కులో ఉంది. ఎక్కడో చెబితే ఆట చెడుతుంది. చెట్టు మొదట్లో నేను వంగి పురుగు బొమ్మను పెడుతుంటే కాపలా మనిషి వచ్చి, "బాబూజీ, టోట్కా ఏమైనా చేస్తున్నారా?" అన్నాడు. టోట్కా అంటే మన చేతబడి, దిష్టితీత లాంటిది. డబ్బా తెరిచి అతని చేతికే ఇచ్చాను. పైన రాసి ఉన్న ఆట పేరు చదివి వినిపించాను. అతను పుస్తకం తిరగేసి, పేర్లూ తేదీలూ చూసి, "ఓహో, రిజిస్టరా! అలా చెప్పండి" అన్నాడు. రోజూ గేటు దగ్గర రాసే మనిషి కదా. తర్వాత మేనల్లుడి పెన్ను అడిగి తీసుకుని హిందీలో తన పేరు, తేదీ కూడా రాశాడు.

చూశారా, అతనికి నేను దండం పెట్టలేదు, ప్రమాణం చేయలేదు, వయసు చూపించి నమ్మమనలేదు. డబ్బా తెరిచి చూపించానంతే. ట్రస్టులూ బాబాలూ పార్టీలూ కూడా మనకు చేతులు జోడించి చూపిస్తారు. పుస్తకాలు చూపించమంటే మాత్రం విశ్వాసం లేదా అని అడుగుతారు. లెక్కలవాడికి విశ్వాసం చివర్లో వస్తుంది, వోచరు ముందు వస్తుంది.

మూడు నెలల తర్వాత ఎవరో ఆ బొమ్మను ఖాట్మండు చేర్చినట్టు నమోదైంది. ఇప్పుడు అక్కడి నుంచి ఎటు వెళుతుందో నాకు తెలియదు. ఎప్పుడైనా మీ చేతికి వస్తే నాలుగు రోజులు ఉంచుకుని, ముందుకు పంపండి. పంపకపోయినా మీకు ఏ నష్టమూ రాదు.